కనురెప్పలపై పసుపు బిళ్ళలు - ఆమ్లమా, లేజరా?

కొందరికి నడివయస్సు దాటిన పిమ్మట కనురెప్పలపై, ముక్కు ప్రక్క మూలలయందు, పసుపుపచ్చని మెత్తని బిళ్ళలు లేచును. నొప్పి యుండదు, దురద యుండదు. వైద్యులు వీనిని జాంథెలాస్మా యందురు. గ్రీకు భాషలో ఆ మాటకు పసుపు రేకు అని యర్థము. రక్తమునుండి వచ్చిన కొలెస్టరాలును చర్మములోని కొన్ని కణములు మ్రింగి అచ్చటనే నిలిచిపోవుటచే ఇవి యేర్పడును. కోసి తీయుట పాతపద్ధతి. కత్తితో పనిలేని పద్ధతులలో రెండు ముఖ్యమైనవి.

మొదటిది ఆమ్లపు పూత. ట్రైక్లోరో అసెటిక్ ఆమ్లమును పుల్లకు చుట్టిన దూదితో బిళ్ళమీద మాత్రమే అద్దుదురు. చర్మములోని మాంసకృత్తులు గడ్డకట్టి ఆ చోటు తెల్లబారును. పిదప పెచ్చుకట్టి కొన్ని దినములకు రాలిపోవును. ఖర్చు స్వల్పము, యంత్రము అక్కరలేదు. పలుచని చిన్న బిళ్ళలకిది చాలును. దళసరి బిళ్ళలకు పలుమార్లు అద్దవలసివచ్చును. ఆమ్లము కంటిలోనికి జారినచో చూపునకే ముప్పు. కావున బజారులో ఆమ్లము కొని ఇంట అద్దుకొనుట ఎంతమాత్రము తగదు.

రెండవది లేజరు. భారతదేశమున జన్మించిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కార్బన్ డయాక్సైడ్ లేజరును నిర్మించెను. దాని కిరణమును చర్మములోని నీరు పీల్చుకొని క్షణములో ఆవిరియగును. వైద్యుడు లోతును చూచుకొనుచు పొరపొరగా బిళ్ళను తొలగించును. సన్నని రక్తనాళములు మూసికొనిపోవుటచే నెత్తురు అంతగా రాదు. పెద్ద బిళ్ళలకు తక్కువసార్లతో పని ముగియును. ఖర్చు మాత్రము హెచ్చు. చికిత్సకు ముందు కంటిగ్రుడ్డుపై లోహపు కవచము నుంచుదురు.

మనవంటి చామనచాయ చర్మమువారికి రెండింటివలనను నల్లని లేక తెల్లని మరకలు మిగులవచ్చును. మానువరకు ఎండ తగులకుండ కాపాడుకొనవలెను. ఏ పద్ధతి ననుసరించినను బిళ్ళలు మరల రావచ్చును. ఏలయన రెండును చర్మమునే బాగుచేయును, రక్తమును తాకవు.

అసలు సంగతి ఇచ్చటనే యున్నది. ఈ బిళ్ళలున్నవారిలో సుమారు సగముమందికి రక్తములో కొలెస్టరాల్ సరిగానే యుండును. అంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు. డెన్మార్కులోని కోపెన్‌హాగెన్ నగరమున 1976-78లో మొదలిడి 2009 వరకు 12,745 మందిని పరిశీలించిరి. ఫలితములు 2011లో వెలువడినవి. కొలెస్టరాల్ మున్నగు ఇతర కారణములను లెక్కించిన పిదపకూడ, ఈ బిళ్ళలున్నవారికి గుండెపోటు వచ్చు అవకాశము సుమారు ఒకటిన్నర రెట్లుగా తేలెను.

కావున బిళ్ళ కనబడినంతనే కొవ్వు, చక్కెర, రక్తపుపోటు పరీక్షింపించుకొనవలెను. పొగత్రాగు అలవాటున్న మానవలెను. కొవ్వును తగ్గించు మందు వైద్యుడిచ్చినచో, బిళ్ళ కరగలేదని దానిని విడువరాదు. ఆ మందు గుండెను కాపాడుటకు. పిమ్మట ఆమ్లమా, లేజరా యనునది బిళ్ళ పరిమాణమును, చర్మపు తీరును, ఖర్చును చూచి తీరికగా నిర్ణయించుకొనవచ్చును.