ఖాళీ ప్లాట్‌లో పొదలు కొట్టిస్తున్నారా? ట్రాక్టర్ కట్టర్ పెట్టించే ముందు ఇవి తెలుసుకోండి

వానాకాలం ముగిసేసరికి కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల, మియాపూర్ వైపు ఏ కాలనీలో చూసినా ఒకటే దృశ్యం. అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిపోయిన ఖాళీ స్థలంలో నడుములోతు గడ్డి, వయ్యారిభామ, అంచుల్లో సర్కారు తుమ్మ. దోమలు పెరిగాయని, పాములొస్తున్నాయని పక్కింటివాళ్ల ఫిర్యాదు. కూలీలను పెడితే రోజులు పడుతుంది. జేసీబీ పెడితే మట్టి కూడా లేచిపోతుంది. మధ్యేమార్గంగా కనిపించేది ట్రాక్టర్ వెనక తగిలించే రొటరీ కట్టర్.

అయితే ఇది పొలాల కోసం తయారైన యంత్రం. పొలంలో చుట్టుపక్కల ఎవరూ ఉండరు. ఇక్కడ గోడ అవతలే కార్లు, బాల్కనీలు, ఆడుకునే పిల్లలు ఉంటారు. అందుకే డ్రైవర్‌కే కాదు, పని చేయించే మీకూ దీని గురించి తెలిసి ఉండాలి.

రోటవేటర్, రొటరీ కట్టర్ ఒకటేనా?

కాదు. ఫోన్‌లో మాట్లాడుకునేటప్పుడే చాలా పొరపాటు జరిగేది ఇక్కడ. రోటవేటర్ మట్టిని తవ్వి గుల్ల చేస్తుంది. రొటరీ కట్టర్ నేలను తాకదు. దాని ఇనుప పెట్టె కింద రెండు మూడు బరువైన బ్లేడ్లు ఫ్యాన్ రెక్కల్లా తిరుగుతూ గడ్డిని, సన్నని కొమ్మలను నరికేస్తాయి. దీన్నే స్లాషర్ అని కూడా అంటారు. రాళ్లున్న ప్లాట్‌లో రోటవేటర్ దింపితే బ్లేడ్లు పాడవుతాయి, హద్దురాళ్లు కదిలిపోతాయి. కాబట్టి "గడ్డి పైపైన కోయాలి, మట్టి తవ్వొద్దు" అని ముందే స్పష్టంగా చెప్పండి.

ఇంకో సంగతి. కట్టర్ వేళ్లను తీయదు. సర్కారు తుమ్మ మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. వయ్యారిభామను పూత రాకముందే కోయించాలి. పూత ముదిరాక కోస్తే గింజలు ప్లాటంతా రాలి, మళ్లీ మొలుస్తాయి.

ఎంత ప్రమాదకరం?

చాలా మోడళ్లలో బ్లేడు కొస గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంది. ఆ దెబ్బ తగిలిన రాయి, ఇనుప ముక్క ఎటువైపైనా దూసుకుపోవచ్చు. 100 మీటర్ల లోపు మనుషులెవరూ ఉండొద్దని భద్రతా నిపుణులు చెప్పేది అందుకే.

ఇప్పుడు మీ ప్లాట్ లెక్క వేసుకోండి. 300 గజాల ప్లాట్‌లో ఏ మూల నిలబడినా పక్కిల్లు పట్టుమని 20 మీటర్లు కూడా ఉండదు. అంటే ఇళ్ల మధ్య ఉన్న చిన్న ప్లాట్‌కు ఇది సరైన యంత్రం కాదు. అక్కడ కొడవళ్లతో కోయించడమే మేలు. చేతితో పట్టుకునే బ్రష్ కట్టర్ వాడినా చుట్టూ 15 మీటర్లు ఖాళీ ఉంచి, కళ్లజోడు, బూట్లు ఉన్న మనిషితోనే చేయించండి. ట్రాక్టర్ కట్టర్ నప్పేది ఇంకా ఇళ్లు రాని ఎకరాల లేఅవుట్లకు, శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు మీరు కొనుక్కున్న పొలాలకు.

ట్రాక్టర్ రాకముందు మీరేం చేయాలి?

స్థలమంతా ఒకసారి నడవండి. సైబరాబాద్ నేలంటేనే బండరాళ్లు. వాటికి తోడు గడ్డిలో కనపడకుండా పడి ఉండే ఇటుక ముక్కలు, సీసాలు, కాంక్రీట్ చువ్వలు, బైండింగ్ వైరు. తీయగలిగినవి తీసేయండి. హద్దురాళ్లు, బోరు పైపు, మ్యాన్‌హోల్, గుంతల దగ్గర పొడవాటి కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టండి. బూట్లు వేసుకుని, కర్రతో గడ్డి కదుపుతూ నడవండి. పాము కనపడితే చంపొద్దు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వలంటీర్లు వచ్చి పట్టుకెళ్తారు. కోత ఇళ్ల వైపు నుంచి మొదలుపెట్టి బయటి వైపు సాగిస్తే పొదల్లోని జీవాలు ఇళ్లవైపు రాకుండా ఉంటాయి.

ట్రాక్టర్‌కు ఎలా తగిలిస్తారు?

ఐదడుగుల కట్టర్‌కు 35 నుంచి 45 హెచ్‌పీ ట్రాక్టర్ సరిపోతుంది. చదునైన చోట, ఈ వరసలో తగిలించాలి.

1. ట్రాక్టర్‌ను నెమ్మదిగా వెనక్కి తెచ్చి, బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, తాళం తీయాలి. ట్రాక్టర్ కదులుతుండగా మధ్యలో ఎవరూ నిలబడకూడదు.
2. ముందు ఎడమవైపు కింది లింకు, తర్వాత కుడివైపు, చివర పైనున్న టాప్ లింకు బిగించి, ప్రతిదానికీ లాక్ పిన్ పెట్టాలి.
3. ఇంజిన్ శక్తిని కట్టర్‌కు అందించే పీటీవో షాఫ్ట్‌ను ఎక్కించాలి. లాక్ పడ్డాక ఒకసారి వెనక్కి లాగి చూడాలి. ఒకదానిలో ఒకటి దూరే రెండు గొట్టాలు కనీసం మూడోవంతు కలిసి ఉండాలి. కట్టర్‌ను పైకి లేపినప్పుడు షాఫ్ట్ బిగుసుకుపోకూడదు.
4. పక్కలకు ఊగకుండా గొలుసులు బిగించి, ముందు అంచు వెనక కంటే కాస్త కిందికి ఉండేలా సరిచేయాలి. రాళ్ల నేలలో కోత ఎత్తు 15 సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకుంటే మంచిది.
5. రాళ్లు ఎగరకుండా ముందూ వెనకా వేలాడే గొలుసులు లేదా రబ్బరు తెర ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే పని మొదలుపెట్టనివ్వకండి.

షాఫ్ట్ దగ్గర అంత జాగ్రత్త ఎందుకు?

పీటీవో మామూలుగా నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. 8 సెంటీమీటర్ల మందం ఉన్న షాఫ్ట్ ఆ వేగంలో సెకనుకు రెండు మీటర్లకు పైగా బట్టను చుట్టేస్తుంది. ఐదున్నర మీటర్ల చీరకు మూడు సెకన్లు చాలు. కండువా, లుంగీ, చున్నీ అంచు దొరికినా మనిషి తేరుకునేలోపే చెయ్యి అందులోకి పోతుంది. దాన్ని కప్పే ప్లాస్టిక్ తొడుగు పగిలినా, ఊడదీసినా ఆ షాఫ్ట్ వాడకూడదు. తిరుగుతున్న షాఫ్ట్‌ను దాటడం అసలే వద్దు.

కోత ఎలా సాగాలి?

ఇంజిన్ వేగం తక్కువగా ఉన్నప్పుడే పీటీవో కలిపి, తర్వాత మెల్లగా 540కి పెంచాలి. ట్రాక్టర్ మనిషి వడివడిగా నడిచే వేగాన్ని దాటకూడదు. డ్రైవర్ తప్ప మడ్‌గార్డ్ మీద ఇంకెవరూ కూర్చోకూడదు. ఏదైనా ఇరుక్కుంటే కట్టర్‌ను నేలకు దించి, పీటీవో, ఇంజిన్ ఆపి, తాళం తీసి, బ్లేడ్లు పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. పీటీవో ఆపినా బ్లేడ్లు కాసేపు తిరుగుతూనే ఉంటాయి. హైడ్రాలిక్స్ మీద లేపి ఉంచిన కట్టర్ కింద తల పెట్టకూడదు.

యంత్రం ఎక్కడ దొరుకుతుంది? అనుమతులు కావాలా?

పొలం ఉన్నవాళ్లు అద్దె యంత్రాల కేంద్రాల గురించి దగ్గర్లోని రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని అడగొచ్చు. కేంద్ర వ్యవసాయ శాఖ 2019లో ఇందుకోసం ఒక యాప్ కూడా తెచ్చింది. ఇవి రైతుల కోసం. లేఅవుట్ అయితే ప్రైవేటు ట్రాక్టర్ మాట్లాడుకోవాల్సిందే.

ప్లాట్‌ను శుభ్రంగా ఉంచే బాధ్యత యజమానిదే. పార్కు స్థలం, రోడ్డు పక్కన పొదలైతే మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. గడ్డి కోయడం వేరు, చెట్టు కొట్టడం వేరు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపించిన సంగతి గుర్తుండే ఉంటుంది. కోసిన గడ్డికి నిప్పు పెట్టొద్దు.

రోడ్డెక్కే ట్రాక్టర్‌కు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అయితే కట్టర్ విసిరిన రాయి వల్ల జరిగే నష్టం అందులోకి వస్తుందో రాదో పాలసీ చూపించమని అడిగి తెలుసుకోండి.

ఇవి కనిపిస్తే వెంటనే పని ఆపించండి

• షాఫ్ట్‌కు తొడుగు లేకపోవడం
• 100 మీటర్ల లోపలికి పిల్లలు, పాదచారులు రావడం
• కట్టర్ విపరీతంగా అదరడం, ఇనుము కొట్టుకుంటున్న చప్పుడు రావడం
• ఇంజిన్ ఆపకుండానే డ్రైవర్ కిందికి దిగడం

గంట లెక్కన డబ్బు ఇస్తున్నప్పుడు డ్రైవర్‌కు తొందర ఉంటుంది. "ఆపి చూసుకునే టైముకు కూడా డబ్బిస్తాను" అని ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో అతను నిమ్మళంగా ఇంజిన్ ఆపి దిగుతాడు.