మైలుతుత్తం నీళ్లలో ఒక చుక్క

మా బ్లడ్ బ్యాంకులో అడుగుపెట్టగానే ఎదురుగా ఉన్న బల్ల మీద ఒక గాజు బీకరులో నీలి రంగు నీళ్లుండేవి. ‘ఏం మందండీ ఇది?’ అని అడగని దాత అరుదు. మందేం కాదు, మైలుతుత్తం. నిమ్మతోటలకు సున్నంతో కలిపి కొడతారే, అదే. దాన్ని సాంద్రత 1.053 ఉండేలా కొలిచి కలుపుతాం. వేలికొసన పొడిచి ఒక్క చుక్క రక్తం అందులోకి వదులుతాం. 15 సెకన్లలో చుక్క నిలువునా మునిగితే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గలేదని లెక్క. తేలినా, మధ్యలో ఊగిసలాడినా ఆ మనిషిని ఇంటికి పంపేస్తాం. ఇప్పుడు అరచేతిలో పట్టే మీటర్లొచ్చాయి, అంకె చూపిస్తాయి. నాకు మాత్రం ఆ చుక్కే ఇష్టం. దాతకు తన కళ్లతోనే కనపడేది, నాతో వాదనకు దిగేవాడు కాదు.

కాలేజీ శిబిరాలకు వెళ్లినప్పుడు ఆడపిల్లల వరస దగ్గర మనసు చివుక్కుమనేది. ఉత్సాహంగా వస్తారు, చుక్క తేలుతుంది, మొహం చిన్నబుచ్చుకుని వెళ్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. మా బీకరు ఆ మాట ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. ఇవ్వడానికి వచ్చిన పిల్లకే రక్తం తక్కువని తెలిసినప్పుడు, ఐరన్ మాత్రలు రాయించుకోమని చెప్పి, టీ ఇచ్చి పంపేవాళ్లం.

నేను టెక్నీషియన్‌గా చేరింది 1995లో. కోస్తాలో ఒక జిల్లా ఆసుపత్రి. ఊరి పేరు ఎందుకులెండి. అప్పుడు ఆసుపత్రి గేటు బయట టీకొట్టు దగ్గర నలుగురైదుగురు ఎప్పుడూ కూర్చుని ఉండేవాళ్లు. ఆపరేషన్‌కు రక్తం కావాలని కంగారుగా బయటికొచ్చిన బంధువును మొహం చూసే పసిగట్టేవాళ్లు. బేరం అక్కడే కుదిరేది. వాళ్ల మోచేతి మడతలో సూది గుచ్చీ గుచ్చీ కాయ కాచిపోయి ఉండేది. ఈ వారం ఒక పేరు, పై వారం ఇంకో పేరు. ‘పోయినసారి ఎప్పుడిచ్చావు?’ అంటే ‘ఇదే మొదటిసారండీ’ అనేవాళ్లు, ఆ కాయ నా కళ్లముందే ఉండగా.

వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. ఆకలి పనులవి. కానీ డబ్బు కోసం రక్తమిచ్చే మనిషికి నిజం చెబితే నష్టం. కామెర్లు వచ్చాయంటే ఆ పూట కూలి పోయినట్టే. అందుకే అమ్మిన రక్తంలో జబ్బులెక్కువ. కామన్ కాజ్ అనే సంస్థ వేసిన పిటిషన్ మీద 1996 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రక్తం అమ్మకాన్ని ఆపాలి, జాతీయ రక్తమార్పిడి మండలిని పెట్టాలి అంది. 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్ముకోవడం దేశమంతటా నిషేధం.

టీకొట్టు ముందు బెంచీలు ఖాళీ అయ్యాయి. ఆ మనుషులు మాత్రం కొన్నాళ్లకు లోపలికే వచ్చారు, ఈసారి చుట్టాలుగా.

“పేషెంటు మీకేమవుతారు?”

“మా పెద్దమ్మ కొడుకండీ.”

“పేరు?”

ఒక్క క్షణం మౌనం. వెనక్కి తిరిగి గుమ్మంలో నిలబడ్డ అసలు చుట్టం వైపు చూపు. అంతే, ఫారం మడిచి పక్కన పెట్టేదాన్ని.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఎలాగూ ప్రతి బ్యాగుకూ టెస్టులు చేస్తారుగా మేడమ్, ఈ ప్రశ్నలన్నీ దేనికి?’ చేస్తాం. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా, ఈ 5 పరీక్షలు చట్టప్రకారం తప్పనిసరి. నేను చేరిన రోజుల్లో హెపటైటిస్ సి పరీక్ష ఈ వరసలో లేదు, 2001లో చేరింది. అంటే అంతకుముందు నా చేతుల మీదుగా వెళ్లిన బ్యాగుల్లో ఆ వైరస్ ఉన్నవి ఎన్నో నాకు తెలియదు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అన్ని పరీక్షలూ ఉన్నా ఒక సందు మిగులుతుంది. విత్తనం వేసిన మర్నాడే చేలో మొలక కనపడదు కదా. వైరస్ కూడా ఒంట్లో చేరిన కొన్నాళ్ల వరకు పరీక్షకు దొరకదు. మనం మామూలుగా చేసే ఎలైజా పరీక్ష ముఖ్యంగా వెతికేది, వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను. అవి తగినంత తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. న్యాట్ అనే పరీక్ష వైరస్ జన్యుపదార్థాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఆ గడువు బాగా తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. పైగా ఖరీదైన యంత్రం, మన చట్టంలో తప్పనిసరీ కాదు. చిన్న ఊళ్ల ఆసుపత్రులకు ఎలైజాయే దిక్కు. ఆ సందులో కాపలా కాసేది యంత్రం కాదు, నా ముందు కుర్చీలో కూర్చున్న మనిషి నోటి మాట.

అందుకే ఆ కుర్చీ ఎక్కడ వేయాలన్నదాని మీద నేను చాలా గొడవలు పడ్డాను. మొదట్లో అది వరండాలోనే ఉండేది. వెనక మామగారు, పక్కన బావమరిది, ఎదురుగా నేను. ‘ఈమధ్య పరాయి సంబంధాలేమైనా ఉన్నాయా బాబూ?’ అని అడిగితే ఎవడు నిజం చెబుతాడు? కాన్పు కష్టమై చెల్లెలు లోపల ఉంది, రెండు యూనిట్లు కావాలన్నారు, బదులు రక్తం ఇస్తేనే బ్యాగు కదులుతుందన్నారు. ఇంట్లో వయసులో ఉన్న మగపిల్లాడు తనొక్కడే. ఇవ్వనంటే ఊళ్లో తలెత్తుకోగలడా? అమ్ముకునేవాడి అబద్ధం డబ్బు కోసమైతే, ఇతనిది పరువు కోసం. జబ్బుకు మాత్రం రెండూ ఒకటే. స్వచ్ఛందంగా వచ్చే దాత రక్తమే భద్రం అనేది ఇందుకే. వద్దనుకుంటే లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ అతనికుంటుంది.

చివరికి స్టోరు గదిలో ఒక మూల ఖాళీ చేయించి, పాత దుప్పటి అడ్డం కట్టి, కుర్చీ అక్కడ వేశాను. అప్పటినుంచి నిజాలు రావడం మొదలైంది. ఒకసారి ఇరవై రెండేళ్ల కుర్రాడు తల దించుకుని, చెవిలో చెప్పినంత మెల్లగా చెప్పాడు. పని మీద వేరే రాష్ట్రం వెళ్లొచ్చాడట, అక్కడ జరిగిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదట. ‘నువ్వు ఇవాళ ఇవ్వకూడదు బాబూ’ అన్నాను. ‘మా మావయ్యకేం చెప్పాలి మేడమ్?’ అన్నాడు. దుప్పటి తొలగించి బయటికొచ్చి గట్టిగా చెప్పాను: “బీపీ బాగా ఎక్కువుందండీ, ఈ అబ్బాయి పనికిరాడు. ఇంకెవరైనా ఉన్నారా?”

నా ఉద్యోగ జీవితంలో ఈ బీపీ అబద్ధం ఎన్నిసార్లు ఆడానో లెక్కలేదు. రిజిస్టరులో నిజమే రాసేదాన్ని. వరండాలో మాత్రం బీపీయే. దీనికి పాపం వస్తే నాకే రానివ్వండి.

అన్ని నిజాలూ ఇంత బరువుగా ఉండవు లెండి. సినిమా హీరోల పుట్టినరోజు శిబిరాలకు పొద్దున్నే బ్యానర్లు, బ్యాండుమేళం, రెండొందల మంది కుర్రాళ్లు. మన తెలుగువాళ్లలో రక్తదానాన్ని వీధిలోకి తెచ్చిన పుణ్యం చాలావరకు ఈ అభిమానులదే. కాకపోతే ఒక చిక్కుంది. పుట్టినరోజుకని వారం ముందే ముంజేతి మీద హీరోగారి పేరు టాటూ వేయించుకుంటారు. టాటూ వేయించుకున్న తర్వాత 12 నెలలు రక్తం తీసుకోం. ఆ సూది అంతకుముందు ఎవరి చర్మంలో దిగిందో తెలియదు మరి. ‘మా అన్న కోసం మేడమ్, కనీసం ఒక్క బ్యాగు’ అని బతిమాలేవాళ్లు. పై ఏడు పుట్టినరోజుకు రమ్మనేదాన్ని. కొందరు వచ్చారు కూడా.

పుట్టినరోజు శిబిరాలతో ఇంకో బాధ, ఒకే రోజు బోలెడు రక్తం రావడం. మామూలు బ్యాగులో ఎర్రకణాలు ఫ్రిజ్‌లో 35 రోజులుంటాయి, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఆగస్టులో పొంగి, మే నెల ఎండల్లో ఖాళీ అరలు చూస్తూ కూర్చోవడం మాకు అలవాటే. ఆ ఒక్క బ్యాగు మే నెలలో ఇస్తే ఎంత బాగుండునో!

2018 డిసెంబరులో తమిళనాడులోని సాత్తూరు వార్త చదివినప్పుడు మా గదిలో ఎవరం మాట్లాడలేదు. అక్కడ ఒక గర్భిణికి హెచ్‌ఐవీ ఉన్న రక్తం ఎక్కించారు. ఆ రక్తమిచ్చింది 19 ఏళ్ల కుర్రాడు. విదేశీ ఉద్యోగం కోసం చేయించుకున్న పరీక్షలో జబ్బు బయటపడగానే, పరుగున వచ్చి తన రక్తం వాడొద్దని చెప్పింది కూడా అతనే. అప్పటికే ఎక్కించేశారు. రెండేళ్ల ముందు ఇంకో శిబిరంలో ఇచ్చినప్పుడే అతని రక్తంలో హెచ్‌ఐవీ కనపడిందట, ఆ సంగతి మాత్రం అతనిదాకా చేరలేదు. ఆ నెల గడవకముందే తన ప్రాణం తనే తీసుకున్నాడు. నిజం చెప్పినవాడు అతనొక్కడే.

మా దగ్గరా అలాంటి గండం ఒకటి తప్పింది. ఒకతని రక్తంలో హెపటైటిస్ బి వచ్చింది. బ్యాగు పారేశాం. కబురు చేద్దామంటే ఫారంలో ఫోన్ నంబరు 9 అంకెలే ఉంది. రాసింది మా మనిషే. ఆర్నెల్లకు అతనే ఇంకో శిబిరంలో, అరటిపండు తింటూ, వరసలో కనిపించాడు. పక్కకు పిలిచి, దుప్పటి చాటున కూర్చోబెట్టి, అప్పుడు చెప్పాను. ఆరోజు నుంచి దాత రాసిన నంబరుకు మా ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇచ్చి, అతని జేబులో మోగాకే సూది పట్టుకునేవాళ్లం. అతను వెళ్లేటప్పుడు అదే నంబరు చూపించి చెప్పేదాన్ని, ‘ఇంటికెళ్లాక జ్వరమొచ్చినా, చెప్పడం మర్చిపోయింది గుర్తొచ్చినా ఫోన్ చెయ్యి, ఏ వేళైనా పర్లేదు’ అని.

నేను రిటైరయ్యే ముందు ఏడు వానాకాలంలో, రాత్రి తొమ్మిదిన్నరకు ఆ ఫోన్ మోగింది. ముందురోజు శిబిరంలో రక్తమిచ్చిన ఆటో డ్రైవరు. “మేడమ్, పొద్దున్నుంచి జ్వరం. ఒళ్లంతా ఒకటే నొప్పులు. మా వీధిలో ఇద్దరికి డెంగీ అంటున్నారు. చెప్పాలా వద్దా అని ఆలోచించి చేశాను, తిట్టకండి.”

డెంగీ మా 5 పరీక్షల్లో లేదు. బ్యాగు నంబరు వెతికాను. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. ప్లేట్‌లెట్ల బ్యాగు మాత్రం ఊగే యంత్రం మీద నుంచి దిగి, పిల్లల వార్డుకు వెళ్లాల్సిన ట్రేలో ఉంది. వార్డుబాయ్ సంతకం పెడుతున్నాడు.

“ఆగు నాన్నా, అది ఇటియ్యి” అన్నాను.