పాత కారు పొద్దున్నే మొరాయిస్తే

సెకండ్ హ్యాండ్ కారు స్టార్ట్ కానప్పుడు ముందుగా గమనించాల్సింది, తాళం తిప్పితే ఇంజిన్ తిరుగుతోందా లేదా అన్నది. అసలు తిరగకపోతే లోపం చాలావరకు కరెంటు వైపే ఉంటుంది. తిరుగుతున్నా అందుకోకపోతే పెట్రోలో, గాలో, ప్లగ్గు నిప్పురవ్వో సరిగా అందడం లేదు. ఈ తేడా చూడకుండా కొత్త బ్యాటరీకి డబ్బు పోయడం దండగ.

టకటకమని వరసగా చప్పుడొచ్చి ఆగిపోతే చాలాసార్లు బ్యాటరీ డౌన్ అయినట్టే. అమ్మకానికి పెట్టిన కారు నెలల తరబడి కదలకుండా ఉంటుంది. ఆ రోజులన్నీ అలారం, గడియారం ఛార్జిని కొద్దికొద్దిగా లాగేస్తూనే ఉంటాయి. రాత్రంతా ఆపి ఉంచిన కారులో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపుతుంది. 12.2 దగ్గరుంటే ఛార్జి సగమే మిగిలింది. ఇంజిన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. రాకపోతే ఆల్టర్నేటర్‌ను పరీక్షించాలి. దాన్ని వదిలేస్తే కొత్త బ్యాటరీ కూడా నాలుగు రోజుల్లో డౌన్ అవుతుంది.

మీటరు పట్టే ముందే టెర్మినళ్లు చూడాలి. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే, ముందు నెగటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి బ్రష్షుతో రుద్దాలి. బాగా ఆరాక బిగించాలి. బిగించేటప్పుడు నెగటివ్ చివర. పైసా ఖర్చులేని ఈ పనితోనే ఎన్నో కార్లు కదులుతాయి.

లైట్లు బాగా వెలుగుతూ, ఒక్కసారి 'టక్' మని ఊరుకుంటే అనుమానం సెల్ఫ్ మోటారు మీద. దాన్ని ఒకేసారి పది సెకన్లకు మించి తిప్పకూడదు, వేడెక్కి కాలిపోతుంది.

సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే చెవి ఒగ్గాలి. చాలా పెట్రోలు కార్లలో తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు సన్నని మూలుగు వస్తుంది. అది ఫ్యూయల్ పంపు. వినపడకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు మిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ ఆ తాళాన్ని గుర్తుపట్టడం లేదు. కారు కొనేటప్పుడే రెండో తాళం అడిగి తీసుకోవాలనేది ఇందుకే. డీజిల్ కారులో హీటర్ లైటు ఆరాకే సెల్ఫ్ కొట్టాలి.

ఇక సర్వీసింగ్. 'మొన్ననే చేయించాం' అని పాత యజమాని ఎంత నమ్మకంగా చెప్పినా, బిల్లు లేకపోతే చేయించనట్టే లెక్క. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్పించి, తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టుకోవాలి. రేడియేటర్‌లో కూలెంట్‌కు బదులు తుప్పు రంగు నీళ్లుంటే కడిగించి కొత్తది పోయించాలి. వేడి ఇంజిన్ మీద మూత విప్పితే ఒళ్లు కాలుతుంది. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకోసారి మార్చాలి.

టైమింగ్ బెల్టును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఆ మరమ్మతు ముందు కొత్త బెల్టు ఖర్చు ఏ మూలకూ రాదు. ఎప్పుడు మార్చారో తెలియకపోతే వెంటనే మార్పించాలి.

టైరు పక్కభాగంలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు లోతుగానే ఉన్నా, పక్కల పగుళ్లు కనిపిస్తే ఆ టైర్లతో హైవే ఎక్కవద్దు.