తూకంలో తరుగు, కాలంలో తరుగు

2025 జూన్ నెల. మా చిత్తూరు ప్రాంతంలో తోతాపురి మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఈ కాయను ఎక్కువగా గుజ్జు పరిశ్రమలే కొంటాయి. ఆ ఏడాది ధర పడిపోయింది. పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు చెల్లించాలని, దానికి తోడు ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుందని ప్రకటన వెలువడింది. అయినా పరిశ్రమల ముందు కాయల ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరి నిలిచాయి.

ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగిశాక నా విద్యార్థి తండ్రి ఒకరు మస్జిదులో నా పక్కన కూర్చున్నారు. ఆయన ఒక తోటను గుత్తకు తీసుకున్నారు. ఆయన ట్రాక్టరు మూడు రోజులుగా వరుసలోనే ఉంది. "ధర తక్కువైనా ఓర్చుకుంటాను హజ్రత్! కానీ కోసిన కాయ ఆగదు కదా. గంట గడిచేకొద్దీ నా సొమ్ము నా కళ్ళముందే మెత్తబడిపోతోంది" అన్నారు.

ఆ మాట వినగానే ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ తన ఖుర్ఆన్ వ్యాఖ్యానంలో ప్రస్తావించిన మంచు వర్తకుడు గుర్తుకు వచ్చాడు. కరిగిపోతున్న తన పెట్టుబడిని చూసి జాలి తలచమని అతడు బజారులో కేకలు వేస్తుంటే విన్న ఒక పెద్దాయనకు 'అస్ర్' సూరా భావం అప్పుడే బోధపడిందట. మూడే వాక్యాలున్న ఆ సూరాలో అల్లాహ్ కాలంపై ప్రమాణం చేసి, మానవుడు నష్టంలో ఉన్నాడని తెలియజేశాడు. విశ్వసించి, సత్కార్యాలు చేస్తూ, సత్యాన్నీ సహనాన్నీ పరస్పరం బోధించుకునేవారిని మాత్రమే ఆ నష్టం నుండి మినహాయించాడు. మంచు వర్తకుడికి మంచు, మా మామిడి రైతుకు కాయ, మనందరికీ ఆయుష్షు. పెట్టుబడి వేరైనా కరగడం ఒకటే.

కొంతసేపటికి ఆయన గొంతు తగ్గించి అసలు విషయం అడిగారు. "మెత్తబడిన కాయలను అడుగున వేసి, పైన గట్టి కాయలు పరిస్తే తప్పవుతుందా? అందరూ చేస్తున్నదే కదా!"

నేను మదీనా బజారు సంఘటన వినిపించాను. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు విన్నవించాడు. అలాగైతే ప్రజలకు కనిపించేటట్లు ఆ తడి గింజలను పైనే ఉంచవలసిందని ఆయన చెప్పారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. వాన కురవడం వర్తకుడి తప్పు కాదు. తడిని దాచడమే తప్పు.

ఆయన తల వంచుకుని విన్నారు. మరునాడు మెత్తని కాయలను వేరుచేసి చూపించారు. పరిశ్రమవారు వాటిని తీసుకోలేదు. చేతికి వచ్చినది తక్కువే. అయినా శ్రామికుడి చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) ఆదేశాన్ని ఆయన మరచిపోలేదు. ఆ సాయంత్రమే కోత కూలీలకు పైసాతో సహా లెక్క తీర్చారని ఆయన కుమారుడు నాతో చెప్పాడు.

ఆ కబురు విన్న ఉదయం నేను తరగతికి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాను. అది కొత్తేమీ కాదు. దారిలో పలకరింపులు, ఒక కప్పు టీ, ఫోనులో నాలుగు సందేశాలు. హాజరు పుస్తకంలో మాత్రం ఎప్పటిలాగే ఎనిమిది గంటలని వ్రాయబోయాను. కలం ఆగిపోయింది. పైన గట్టి కాయలు, అడుగున మెత్తనివి! ఆ అబ్బాయి తండ్రికి ధాన్యపు రాశి హదీసు వినిపించిన నోరు నాదే.

లెక్క వేసుకున్నాను. రోజుకు 10 నిమిషాల చొప్పున నెలలో 25 పనిదినాలకు 250 నిమిషాలు. పది నెలలకు 2,500 నిమిషాలు, అంటే దాదాపు 42 గంటలు. జీతంలో ఏనాడూ ఒక్క రూపాయి తరుగు పోలేదు. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని 'ముతఫ్ఫిఫీన్' సూరా హెచ్చరిస్తుంది. ఇన్నేళ్ళుగా ఆ సూరాను బోధిస్తూ, అది తక్కెడ పట్టినవారికి సంబంధించినదని మాత్రమే అనుకున్నాను. కాలాన్ని అమ్ముకుని జీతం తీసుకునే ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక తక్కెడ ఉంది.

నిర్వాహకుల వద్దకు వెళ్ళి జీతంలో కోత వేయమని కోరాను. "పది నిమిషాలకేనా మౌలానా!" అని వారు నవ్వేశారు. ఆ మేరకు సొమ్మును మదరసా వంటశాలకు జమ చేశాను. అస్ర్ నమాజు తరువాత వెనుకబడిన పిల్లలకు అరగంట పాఠం చెబుతున్నాను. కానీ గత సంవత్సరాలలో చదువుకుని వెళ్ళిపోయిన పిల్లల మాటేమిటి? వారి గంటలను ఏ వంటశాలకు జమ చేయను? కలిసినవారిని క్షమించమని అడుగుతున్నాను. కలవనివారి కోసం దుఆ చేస్తున్నాను.

ప్రళయదినాన ఆయుష్షును దేనికి వెచ్చించావని, ధనాన్ని ఎలా ఆర్జించి ఎక్కడ ఖర్చు చేశావని, నేర్చిన విద్యతో ఏమి చేశావని దాసుణ్ణి ప్రశ్నించడం జరుగుతుందని హదీసు తెలియజేస్తుంది. ఉపాధ్యాయునికి ఈ ప్రశ్నలన్నీ ఒకే తరగతి గదిలో ఎదురవుతాయి.

ఈ పుట చదువుతున్న సోదర సోదరీమణులారా! ఈ రాత్రి ఇషా నమాజు తరువాత మీ మీ తక్కెడను ఒకసారి చూసుకోండి. అల్లాహ్ మన సంపాదనలో, కాలంలో శుభాన్ని ప్రసాదించుగాక! తరుగును సరిదిద్దుకునే వ్యవధిని కూడా అనుగ్రహించుగాక! ఆమీన్.