చచ్చిన నక్కల లెక్క వేరు, తగ్గిన నష్టం వేరు: ఇంగ్లండ్ నక్కల వేట కథ



పోయిన చలికాలంలో ఒక్క రాత్రిలో మా షెడ్డులో పదకొండు నాటుకోళ్లు పోయాయి. గుంటనక్క పని. పొద్దున్నే ఆ ఈకలు చూసినప్పుడు నాకూ దాన్ని చంపెయ్యాలనే అనిపించింది. మరి చంపితే సమస్య తీరుతుందా? ఈ ప్రశ్న మీద ఇంగ్లండ్ వాళ్లు వందల ఏళ్లు కొట్టుకున్నారు. పై వీడియోలో ఎర్రకోట్లతో గుర్రాల మీద వెళ్తున్నవాళ్ల కథ అదే.

ముందొక మాట. మనం మామూలుగా నక్క అనే జంతువు తోడేలుకు దగ్గరి జాతి. ఇంగ్లండ్‌లో ఉండేది ఎర్రనక్క. గుబురు తోక, తోక కొసన తెలుపు. మన గుంటనక్కకు దగ్గర చుట్టం.

మొదట తలకింత అని డబ్బులు

1566లో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, పంటలకూ పశువులకూ నష్టం చేసే జీవాల మీద చట్టం తెచ్చారు. తల తెచ్చి చూపిస్తే ఊరి చర్చి పెద్దలు డబ్బులివ్వాలి. నక్క తలకు 12 పెన్నీలు. ఎలుకలకూ కాకులకూ కూడా రేటు ఉండేది. అంటే అప్పటికి నక్క ఒట్టి చీడ కిందే లెక్క.

18వ శతాబ్దంలో ఇది మారింది. లెస్టర్‌షైర్‌లో హ్యూగో మేనెల్ అనే భూస్వామి 1753 నుంచి దాదాపు 50 ఏళ్లు క్వార్న్ అనే వేట జట్టును నడిపాడు. వేగం, వాసన పట్టే శక్తి రెండూ ఉన్న కుక్కల్ని ఎంచి పెంచాడు. దాంతో నక్కల వేట పెద్దోళ్ల ఆటగా మారిపోయింది.

వేట ఎలా జరిగేది?

అసలు సీజన్ నవంబరు నుంచి మార్చి దాకా. ముందురోజు రాత్రి నక్క మేతకు పోయినప్పుడు ఒక మనిషి వెళ్లి బొరియల నోళ్లు మూసేస్తాడు. తెల్లారి అది లోపలికి దూరలేక పొదల్లో దాక్కుంటుంది. కుక్కల గుంపును ఆ పొదల్లోకి వదులుతారు. నక్క బయటపడి పరిగెడితే కుక్కలు వాసన పట్టుకుని వెంటపడతాయి, వెనకాల గుర్రాలు.

ఇక్కడే అసలు తిరకాసు. నక్కల్ని తగ్గించడమే పని అయితే వాటికి ఇళ్లు కట్టిస్తారా? ఈ జట్లు నక్కలు దాక్కోవడానికి ముళ్లపొదలు, చిన్న తోపులు నాటించాయి. బొరియలు కూడా కట్టించాయి. 19వ శతాబ్దంలో నక్కలు చాలకపోతే ఐరోపా నుంచి తెప్పించారు. అవి లండన్ లెడెన్‌హాల్ మార్కెట్లో అమ్ముడయ్యేవి! నక్కను తుపాకీతో కాల్చిన రైతును తప్పు చేసినవాడిలా చూసేవాళ్లు. కోళ్లు పోయిన రైతుకు వేట జట్టే నిధి నుంచి పరిహారం ఇచ్చేది. పురుగును మనమే పెంచి, మళ్లీ మందు కొట్టినట్టు అన్నమాట.

లెక్కలు ఏం చెప్పాయి?

1999 చివర్లో ప్రభుత్వం లార్డ్ బర్న్స్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2000లో వచ్చిన నివేదిక ప్రకారం బ్రిటన్‌లో ఏటా అన్ని కారణాలతో చచ్చే నక్కలు సుమారు 4 లక్షలు. అందులో రిజిస్టరైన కుక్కల జట్లు చంపేవి 21 నుంచి 25 వేలు మాత్రమే. అయితే తుపాకీ వాడటం కష్టమైన వేల్స్ కొండల్లాంటి గొర్రెల ప్రాంతాల్లో కుక్కల అవసరం ఎక్కువని కూడా ఆ నివేదిక ఒప్పుకుంది.

2001లో గాలికుంటు వ్యాధి వచ్చి వేట దాదాపు ఏడాది ఆగింది. నక్కలు పెరిగిపోతాయని అందరూ అనుకున్నారు. 2002లో 'నేచర్' పత్రికలో వచ్చిన సర్వే మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల లేదని తేల్చింది.

కారణం సులభం. నక్కలకు ఎవరి హద్దు వాళ్లకుంటుంది. ఒకటి చస్తే, చోటు కోసం తిరిగే పిల్లనక్క వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. ఆడనక్క ఏడాదికోసారి నాలుగైదు పిల్లల్ని పెడుతుంది. ఎన్ని నక్కలు బతకాలో ఎక్కువగా నిర్ణయించేది అక్కడున్న తిండి, చోటు.

ఇంకోటి. ఎర్రనక్క తిండిలో కుందేళ్లు, పొలం ఎలుకలు ఎక్కువ. గోధుమ రైతుకు కుందేలు పెద్ద బెడద కాబట్టి ఆయనకు నక్క మిత్రుడు. పక్కనే గొర్రెలు, కోళ్లు పెంచే రైతుకు అదే నక్క శత్రువు.

నిషేధం, ఆ తర్వాత

కుక్కల గుంపుతో వేటాడటాన్ని నిషేధించే చట్టం 2004లో వచ్చి, 2005 ఫిబ్రవరి 18 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో అమలైంది. పల్లెలు ఊరుకోలేదు. అంతకుముందే 2002 సెప్టెంబరులో లండన్‌లో 4 లక్షల మందికి పైగా ఊరేగింపు తీశారు. వాళ్ల బాధ కొట్టిపారేసేది కాదు. కుక్కల్ని సాకేవాళ్లు, లాడాలు కొట్టేవాళ్లు దీని మీదే బతికేవాళ్లు. రైతు దగ్గర చచ్చిన దూడల్ని ఈ జట్లే తీసుకెళ్లి కుక్కలకు వేసేవి.

నక్కను తుపాకీతో కాల్చడం అక్కడ ఇప్పటికీ చట్టబద్ధమే. విషం పెట్టడం మాత్రం నేరం.

నష్టం ఆపేది ఏంటి?

గొర్రెపిల్లలు ఎక్కువగా చచ్చేది చలికి, పాలు చాలక, రోగాలతో, ఈత కష్టమై. అందుకే అక్కడ చాలామంది ఈత సమయంలో గొర్రెల్ని షెడ్డుల్లోకి తోలుతారు. కోళ్లను చీకటి పడకముందే మూస్తారు. చుట్టూ కరెంటు వల కడతారు. తవ్వి దూరకుండా జాలీని భూమిలోకి దించుతారు.

మన దగ్గర నక్కకూ గుంటనక్కకూ వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, చంపితే కేసే. నేను షెడ్డు తలుపు మార్చి, జాలీని అడుగు లోతు దించాను. ఆ తర్వాత ఒక్క కోడి పోలేదు. గుంటనక్క ఇంకా తిరుగుతూనే ఉంది. గట్ల మీద ఎలుకల్ని పట్టుకుంటోంది. నాకది చాలు.

మీ షెడ్డుకు జాలీ ఎలా దించారో కింద రాయండి, మిగతావాళ్లకు పనికొస్తుంది.