మన్యం పోరాటంలో ఆయుధాలు

1922 ఆగస్టు నుండి 1924 మే వరకు గూడెం, రంప ఏజెన్సీలలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన సాయుధ తిరుగుబాటును మన్యం పోరాటం లేదా రంప తిరుగుబాటు అంటారు. పోరాటకారులకు బయటినుండి ఆయుధాలు అందే మార్గం లేదు. పోలీసు స్టేషన్ల నుండి స్వాధీనం చేసుకున్న తుపాకులే వారి ప్రధాన బలం. ఆ తుపాకులకు తూటాలు పరిమితంగా ఉండడం పోరాట గమనాన్ని చాలావరకు నిర్ణయించింది.

నేపథ్యం

నర్సీపట్నం తూర్పు కనుమల పాదాన ఉన్న పట్టణం. ఇది ప్రస్తుతం అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇక్కడి నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వెళ్తుంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయంపై ఆంక్షలు విధించింది. దీనికితోడు రోడ్డు పనులలో గూడెం తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత చాలీచాలని కూలికి వెట్టిచాకిరీ చేయించాడు. తిరుగుబాటుకు ఇవి ముఖ్య కారణాలు. పోరాట కాలంలో నర్సీపట్నం ప్రభుత్వ బలగాలకు స్థావరమైంది.

నాటు తుపాకీ, కార్బైన్

మొదట్లో గిరిజనుల వద్ద విల్లంబులు, ఈటెలు, కొద్దిపాటి నాటు తుపాకులు ఉండేవి. నాటు తుపాకీలో గొట్టం మూతి నుండి మందు పోసి, గుండు వేసి, ఊచతో కూరాలి. ఒకసారి పేల్చాక మళ్ళీ సిద్ధం చేయడానికి చాలా సమయం పడుతుంది. వానకు మందు తడిస్తే పేలదు. పేలినపుడు లేచే దట్టమైన పొగ కాల్చినవాడి చోటును పట్టిస్తుంది.

పోలీసుల కార్బైన్ పొట్టి గొట్టం గల తుపాకీ. దీని తూటాలో మందు, గుండు, నిప్పు పుట్టించే అడుగుభాగం ఒకే లోహపు తొడుగులో ఉంటాయి. దానిని వెనుకవైపు నుండి క్షణాలలో నింపవచ్చు. పొట్టిగా ఉండడం వలన అడవిలో మోయడం సులభం. అయితే మందు, గుండు ఊళ్ళో సమకూర్చుకోగలిగినట్లు ఈ తూటాలను తయారుచేసుకోవడం సాధ్యం కాదు.

మూడు దాడులు

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లపై దాడులు జరిగాయి. మూడింటిలో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. అంటే తుపాకీకి సగటున సుమారు 100 తూటాలు మాత్రమే. తీసుకున్న ఆయుధాల వివరాలను స్టేషను పుస్తకంలో రాసి సంతకం చేయడం రాజు పద్ధతి.

దామనపల్లి ఘాట్

తూటాలు తక్కువగా ఉన్నవారికి చోటు ఎంపిక ముఖ్యం. ఘాట్ దారికి పైన మాటువేసినవారికి రాళ్ళు, చెట్ల మొదళ్ళు చాటుగాను, తుపాకీ గొట్టానికి ఆనికగాను ఉపయోగపడతాయి. ఆనిక ఉంటే గురి కదలదు, తూటా వృథా కాదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పోరాటకారులు ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వస్తున్న ఆంగ్ల అధికారులపై కాల్పులు జరిపారు. స్కాట్ కవర్డ్, నెవిల్ హైటర్ అనే అధికారులు మరణించారు.

తూటాల కొరత

దాడుల తరువాత ప్రభుత్వం స్టేషన్లలో ఆయుధాలు దొరకకుండా జాగ్రత్తపడింది. అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం స్టేషన్లను రాజు దళం ఆక్రమించినా తుపాకులు లభించలేదు. డిసెంబరు 6న పెదగడ్డపాలెం వద్ద జరిగిన ఎదురుకాల్పులలో దళం మనుషులతో పాటు కొన్ని ఆయుధాలనూ కోల్పోయింది. కోల్పోయినవాటి స్థానంలో కొత్తవి రాలేదు. ప్రభుత్వం మాత్రం మలబార్ ప్రత్యేక పోలీసు దళాన్ని, 1924లో అస్సాం రైఫిల్స్‌ను దించగలిగింది.

1924 మే 7న రాజును పట్టుకుని కొయ్యూరు వద్ద కాల్చి చంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆయన దళం తుపాకులు స్వాధీనం చేసుకున్న రెండవ స్టేషను ఆ ఊరిదే. దామనపల్లిలో మరణించిన అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి.