బ్యాటు పట్టించిన గురువు – బుగ్గన పెట్టిన పొగాకు

“మా తాతగారు ఎనభై ఏళ్ళు వచ్చేదాకా పొగాకు కాడ నమిలారండీ! ఆయనకేమీ కాలేదు. నాకు మాత్రం ఏమవుతుంది?”

ఈ ప్రశ్న వినని డాక్టరు మన తెలుగునాట ఉండడు. ఖైనీ నలిపేవారు, జర్దా కిళ్ళీ బిగించేవారు, గుట్కా పొట్లం చింపేవారు అందరూ అడిగేది ఇదే. “పొగ తాగడం లేదు కదా, ఊపిరితిత్తులకు ప్రమాదం లేదు కదా” అని తమకు తామే ధైర్యం చెప్పుకుంటారు. అలాంటివారికి ఈ వారం ఒక ఆటగాడి సంగతి చెప్పాలి. ఆయన మనవాడు కాదు, ఆడిన ఆట మనకు తెలిసినది కాదు. అలవాటు మాత్రం అచ్చంగా మనదే.

ఎవరీ గ్విన్?

అమెరికావారికి బేస్‌బాల్ అంటే మనకు క్రికెట్ లాంటిది. అరవై అడుగుల దూరంలో నిలబడి ఒకడు బంతి విసురుతాడు. గంటకు తొంభై మైళ్ళ వేగంతో వచ్చే ఆ బంతి కొట్టేవాడిని చేరడానికి అర సెకను కూడా పట్టదు. ఆ కాస్త వ్యవధిలోనే బంతిని చూడాలి, ఎటు తిరుగుతుందో పోల్చుకోవాలి, గుండ్రటి బ్యాటుతో కొట్టాలి. పదిసార్లలో మూడుసార్లు సరిగా కొట్టగలిగినవాడిని అక్కడ మొనగాడంటారు.

టోనీ గ్విన్ ఆ మొనగాళ్ళకే మొనగాడు. 1960లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టారు. శాన్ డియాగో స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ రెండూ ఆడారు. 1982 నుంచి 2001 వరకూ ఇరవై సీజన్లు శాన్ డియాగో పాడ్రెస్ అనే ఒక్క జట్టుకే ఆడారు. మొత్తం 3,141 హిట్లు కొట్టారు. సగటు .338, అంటే వెయ్యిసార్లు బ్యాటు పడితే 338 సార్లు విజయం! తన లీగులో ఏడాదికి ఉత్తమ సగటు సాధించిన గౌరవం ఎనిమిదిసార్లు దక్కింది. 2007లో బేస్‌బాల్ మహనీయుల జాబితా అయిన ‘హాల్ ఆఫ్ ఫేమ్’లో ఆయన పేరు చేరింది.

ఇదంతా పుట్టుకతో వచ్చిన విద్య అనుకుంటే పొరపాటు. 1983లోనే ఆయన తన ఆటను వీడియో తీయించుకుని చూడడం మొదలుపెట్టారు. ఇంట్లో ఆ టేపులు పట్టిపెట్టింది భార్య అలీషియా. చేయి ఎక్కడ తప్పింది, కాలు ఎప్పుడు కదిలింది అని ఒక్కొక్క కదలికనూ పరీక్షించుకునేవారు. తోటివారు ‘కెప్టెన్ వీడియో’ అని ముద్దుపేరు పెట్టారు. తన ఆటలోని వెంట్రుకవాసి లోపాన్ని కూడా వదలని మనిషి ఆయన!

మైదానం నుంచి కళాశాలకు

ఆట మానేశాక గ్విన్ ఇంట్లో కూర్చోలేదు. తాను చదువుకున్న శాన్ డియాగో స్టేట్‌కే తిరిగి వెళ్ళి, 2003 సీజన్ నుంచి అక్కడి జట్టుకు ప్రధాన శిక్షకులయ్యారు. విద్యార్థులు ఆడే మైదానానికి అప్పటికే ఆయన పేరు పెట్టారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకు ఆయన నేర్పినది చాలా సామాన్యంగా కనిపించే విద్య. నడుమెత్తు కర్ర మీద బంతిని నిలిపి కొట్టడం. కదలని బంతిని వందసార్లు, మళ్ళీ వందసార్లు. బలం చూపించడం కాదు, బంతి ఎటు వస్తే అటే మళ్ళించడం. ఇదే ఆయన ఆటకు పునాది.

ఆ కళాశాల నుంచి వెళ్ళిన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అనే బంతి విసిరే కుర్రవాడిని 2009లో దేశంలోని కొత్త ఆటగాళ్ళందరిలోకీ మొదటివాడిగా ఎంచుకున్నారు. గురువుకు అంతకన్నా ఏం కావాలి?

కాని గురువుగారి బుగ్గలో చాలా ఏళ్ళుగా ఒక అలవాటు దాగి ఉంది. తడి పొగాకు పొడిని చిటికెడు తీసుకుని పెదవికీ చిగురుకూ మధ్య పెట్టుకోవడం. మన ఖైనీకి అది సొంత అన్నదమ్ముల వంటిది. బేస్‌బాల్ ఆటగాళ్ళలో తరతరాలుగా పాతుకుపోయిన అలవాటు. పొద్దు గడవడానికి, మనసు నిలవడానికి అని చెప్పుకుంటారు. పెద్ద ఆటగాళ్ళను చూసి పిల్లలు, పిల్లలను చూసి ఇంకా చిన్నవాళ్ళు పట్టుకున్నారు.

నవ్వు పోయిన ముఖం

2010లో గ్విన్‌కు కుడిచెవి దగ్గరి లాలాజల గ్రంథిలో కాన్సర్ ఉందని తేలింది. ఆపరేషన్ చేశారు. రేడియేషన్, మందులు ఇచ్చారు. 2012లో మళ్ళీ కంతి కనిపించింది. ఈసారి ఆపరేషన్ దాదాపు 14 గంటలు పట్టింది. కంతి చుట్టుకున్న నరాన్ని తొలగించి, మరోచోటి నరం తెచ్చి అతికారు.

ఇక్కడ కొంచెం శరీర శాస్త్రం చెప్పుకోవాలి. మనకు లాలాజలాన్ని ఊరించే పెద్ద గ్రంథులు మూడు జతలు. నాలుక కింద ఒక జత, దవడ కింద ఒక జత, చెవికి ముందు కిందిభాగంలో ఒక జత. ఈ మూడో దాని పేరు పెరోటిడ్. గవదబిళ్ళలు వచ్చినప్పుడు వాచేది ఇదే. కనురెప్ప మూయించేదీ, పెదవి కదిలించేదీ, నవ్వించేదీ అయిన ముఖనాడి సరిగ్గా ఈ గ్రంథి మధ్యగా సాగిపోతుంది. అందుకే అక్కడ కాన్సర్ వస్తే ముఖంలో ఒక పక్క చచ్చుబడిపోయే ప్రమాదం ఉంటుంది. ఎప్పుడూ నవ్వుతూ కనిపించే గ్విన్‌కు ఆ నవ్వే దూరమైంది.

2014లో వైద్యం కోసం శిక్షణకు సెలవు పెట్టారు. ఆ ఏడాది జూన్ 16న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 54 ఏళ్ళే.

తన జబ్బుకు బుగ్గన పెట్టిన పొగాకే కారణమని గ్విన్ బహిరంగంగానే చెప్పారు. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. పెరోటిడ్ కాన్సర్‌కూ నమిలే పొగాకుకూ సంబంధం ఉన్నట్లు వైద్యశాస్త్రం ఇంకా గట్టిగా రుజువు చేయలేదు. కాబట్టి ఆయన విషయంలో కారణం ఇదేనని ముద్ర వేయలేము. అయితే నోటి కాన్సర్, అన్నవాహిక కాన్సర్, క్లోమగ్రంథి కాన్సర్ – ఈ మూడింటికీ పొగలేని పొగాకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ స్పష్టంగా నిర్ధారించింది. అందులో సందేహానికి తావులేదు.

గురువుగారి మరణం శిష్యులను కదిలించింది. స్ట్రాస్‌బర్గ్, అదే కళాశాలలో ఆడిన అడిసన్ రీడ్ – ఇద్దరూ పొగాకు మానేస్తున్నామని ఆ నెలలోనే ప్రకటించారు. స్ట్రాస్‌బర్గ్ 2010లో గురువుకు జబ్బు అని తెలిసినప్పుడే మానాలనుకున్నారు. కాని వెంటనే సాధ్యపడలేదు. కోట్ల డాలర్ల ఆటగాడినే అంతగా లొంగదీసుకున్న వ్యసనం ఇది! 2016 చివర కుదిరిన ఒప్పందం ప్రకారం, అమెరికా పెద్ద లీగుల్లోకి కొత్తగా వచ్చే ఆటగాళ్ళు మైదానంలో ఈ పొగాకు వాడరాదు.

మన సంగతేమిటి?

2016–17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పదిహేనేళ్ళు దాటినవారిలో 21.4 శాతం మంది పొగలేని పొగాకు వాడుతున్నారు. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరికి పైమాటే.

ఉత్తరకోస్తా పల్లెల్లో ‘అడ్డపొగ’ మరో రకం. చుట్ట నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం. ఆడవాళ్ళలో కూడా ఉన్న అలవాటు ఇది. దీనివల్ల అంగిట్లో కాన్సర్ వస్తుందని విశాఖపట్నం వైద్యులు 1950లలోనే గుర్తించి ప్రపంచానికి చెప్పారు. మన నేల మీద మన డాక్టర్లు కనిపెట్టిన సత్యాన్ని మనమే పట్టించుకోకపోతే ఎలా?

ఖైనీలో సున్నం ఎందుకు కలుపుతారో తెలుసా? సున్నం వల్ల పొగాకులోని నికోటిన్ సులువుగా విడివడి, నోటి పొరగుండా రక్తంలో కలుస్తుంది. ‘పట్టు’ వచ్చేది అందుకే. గుండె వేగం, రక్తపోటు పెరిగేదీ అందుకే. పొగాకుతోబాటు వక్క కూడా చేరితే చెరుపు రెట్టింపు. వక్క ఒక్కటే అయినా కాన్సర్ కారకమేనని తేలింది. గుట్కా నమిలే కుర్రాళ్ళలో బుగ్గ లోపలి పొర గట్టిపడి, క్రమంగా నోరు తెరుచుకోవడమే కష్టమవుతుంది. దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. కారం తింటే నోరు భగ్గుమనడం దీని తొలి లక్షణం.

అద్దం ముందు అయిదు నిమిషాలు

అలవాటు ఉన్నవారు, మానినవారు కూడా, నెలకొకసారి ఇలా చూసుకోండి. నోరు పుక్కిలించి మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడండి.

1. పెదవులు తిప్పి, బుగ్గలు లాగి లోపలి పొర చూడండి. గీకినా పోని తెల్లమచ్చ గాని, ముఖమల్ లాంటి ఎర్రమచ్చ గాని ఉన్నదా?

2. నాలుక బయటపెట్టి రెండు పక్కలా చూడండి. పైకెత్తి అడుగున చూడండి. తల వెనక్కి వాల్చి అంగిలి చూడండి.

3. మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడుతున్నాయా? పట్టకపోతే నోరు బిగుస్తున్నదన్నమాట.

4. చెవుల ముందు, దవడ కింద, మెడ పక్కల తడిమి చూడండి. కొత్త గడ్డ తగులుతున్నదా?

రెండు వారాలు దాటినా మానని పుండు, మచ్చ, గడ్డ, మింగడంలో ఇబ్బంది, ముఖంలో ఒక పక్క బలహీనత – వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. తొలిదశలో కాన్సర్ సాధారణంగా నొప్పి పెట్టదు. అయితే ప్రతి గడ్డా కాన్సర్ కాదు. పెరోటిడ్ గడ్డల్లో ఎక్కువ భాగం మామూలువే. ఏది ఏదో తేల్చవలసింది డాక్టరు.

ముక్క తీసి పరీక్షిస్తే కాన్సర్ పాకిపోతుందని చాలామందికి భయం. ఇది వట్టి అపోహ. ఆ భయంతో ఆలస్యం చేయడం వల్లనే జబ్బు ముదురుతుంది.

మానడం ఎలా?

ముందుగా ఒక తేదీ పెట్టుకోండి. ఇంట్లోవారికి చెప్పండి. ఆ రోజు డబ్బీ, పొట్లాలు అన్నీ పారేయండి. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్రపట్టకపోవడం తప్పవు. రెండు మూడు వారాల్లో ఇవి తగ్గుముఖం పడతాయి. నాలుక లాగేసినప్పుడు ఆ కోరిక కొద్ది నిమిషాలే ఉంటుందని గుర్తుంచుకోండి. ఆ కాసేపూ మంచినీళ్ళు తాగండి, సోంపు గింజలో ఏలక్కాయో నోట్లో వేసుకోండి, నాలుగడుగులు నడవండి. పొగాకు మాని వక్కపొడి పట్టడం మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడడమే.

మీ ఒక్కరివల్ల కాకపోతే సిగ్గుపడవద్దు. నికోటిన్ చూయింగ్ గమ్ వంటివి డాక్టరు సలహాతో వాడవచ్చు. ప్రభుత్వం నడిపే 1800112356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు. ఒకసారి మాని మళ్ళీ మొదలుపెట్టినా ఓడిపోయినట్లు కాదు. మళ్ళీ తేదీ పెట్టుకోండి.

ఇల్లాళ్ళకు ఒక మాట. సాధింపు వల్ల ఎవరూ మానరు, చాటుగా నములుతారంతే. మొదటి రెండు వారాల చిరాకును జబ్బు లక్షణంగా భావించి ఓర్చుకోండి. ఇంటి పెద్దలకు ఇంకొక మాట. చిల్లర చేతిలో పెట్టి “వెళ్ళి ఖైనీ తేరా” అని పిల్లలను కిళ్ళీకొట్టుకు పంపకండి. పద్దెనిమిదేళ్ళలోపు వారికి పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. చట్టం సంగతి అటుంచండి. తేవడం నేర్చినవాడికి రుచి చూడడం ఎంతసేపు?

చివరగా, మొదట అడిగిన ప్రశ్నకు జవాబు. తాతగారికి ఏమీ కాలేదన్నది నిజమే కావచ్చు. రోడ్డు మీద కళ్ళు మూసుకుని నడిచినవాళ్ళందరూ లారీ కింద పడరు. అంతమాత్రాన కళ్ళు మూసుకుని నడవమని మనవడికి ఎవరైనా చెబుతారా?

గ్విన్ తన శిష్యులకు కూర్చోబెట్టి నేర్పింది బ్యాటింగు. కూర్చోబెట్టి నేర్పకుండానే చూసి నేర్చుకునేవి కూడా ఉంటాయి. మీ ఇంట్లో మిమ్మల్ని చూసి నేర్చుకునేవారు ఎవరున్నారో ఈ రాత్రి భోజనాల దగ్గర ఒకసారి లెక్కపెట్టండి. ఆ తరువాత డబ్బీ తీయాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.